వైజాగ్ వెళ్ళని ఆదివారం

ప్రశ్న: అప్పా, మాది శ్రీకాకుళం, నా పుట్టిల్లు విజయనగరం. బాబు ఆరో తరగతి, పాప రెండో తరగతి. ఆదివారం వస్తుందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. వైజాగ్ వెళ్తే పొద్దున్నే బయల్దేరి రాత్రి పదకొండుకి ఇల్లు చేరతాం, మాల్‌లో తిరిగి నాలుగైదు వేలు వదిలించుకుని సోమవారం అందరం నీరసంగా లేస్తాం. వెళ్ళకపోతే ఇంట్లో తలో ఫోను పట్టుకుని తలో మూల కూర్చుంటాం. మావారు "చూడాల్సిన ప్రదేశాలు" అని రీల్స్ సేవ్ చేస్తూనే ఉంటారు, వందల్లో ఉంటాయి, వాటిలో ఒక్కచోటికి కూడా వెళ్ళింది లేదు. అత్తయ్యగారు గుడికైతేనే వస్తానంటారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అరసవల్లి అయిపోయింది, కళింగపట్నం బీచ్ అయిపోయింది, మనూళ్ళో ఇంకేముంది? పిల్లలు ఎక్కడికి తీసుకెళ్ళినా అరగంటకే బోర్ అంటారు. నాకంటూ ఒక హాబీ కూడా లేదు, పెళ్ళికి ముందు బొమ్మలు వేసేదాన్ని, అదీ పోయింది. ఏం చెయ్యమంటారు?
- ఓ చెల్లెలు, శ్రీకాకుళం

సమాధానం: చెల్లీ, నీ ఉత్తరంలో శ్రీకాకుళం తీసేసి బొబ్బిలి అనో పార్వతీపురం అనో పెడితే అక్కడివాళ్ళు కూడా "ఇది నేనెప్పుడు రాశాను" అనుకుంటారు. నువ్వొక్కదానివే కాదు, మన వైపు సగం ఇళ్ళలో ఆదివారం ఇలాగే ఏడుస్తోంది.

అరసవల్లి అయిపోయింది, కళింగపట్నం అయిపోయింది అన్నావు చూడు, చిక్కంతా అక్కడే ఉంది. గుడికెళ్ళి దణ్ణం పెట్టుకుని ప్రసాదం తిని, బీచ్‌లో నాలుగు ఫొటోలు దిగి, మొక్కజొన్న పొత్తు కొరుక్కుంటూ కారెక్కేస్తే ఏ ఊరైనా రెండు గంటల్లో అయిపోతుంది, ప్యారిస్ అయినా సరే. మీ పిల్లలకి మాల్‌లో ఎందుకు బోర్ కొట్టదో ఆలోచించావా? అక్కడ వాళ్ళకి చేతినిండా పనుంటుంది: ఎస్కలేటర్ ఎక్కాలి, గేమ్ ఆడాలి, ఏది కొనమని పేచీ పెడదామా అని చూసుకోవాలి. మనం తీసుకెళ్ళే గుళ్ళో, గట్టు మీద వాళ్ళకున్న పని ఒక్కటే, "అల్లరి చెయ్యకండి". అందుకే నీకు కొత్త చోట్ల పట్టిక రాసివ్వను, అలాంటి పట్టికలు మీవారి దగ్గర వందలున్నాయి. ఒకే ఒక్క మాట చెబుతాను. ఎక్కడికెళ్ళినా ఒక పని పట్టుకుని వెళ్ళండి. అక్కడ తేల్చుకు రావాల్సిన చిన్న విషయం ఒకటి, ఒక్కటంటే ఒక్కటి. అది ఇంట్లో ఉండగానే అనుకోవాలి, ఫోను పనికొచ్చేది అప్పుడే.

"అయిపోయిన" అరసవల్లినే తీసుకుందాం. ఏటా మార్చిలో రెండు మూడు రోజులు, అక్టోబరు మొదట్లో రెండు మూడు రోజులు, పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని మనందరికీ తెలుసు, పేపర్లో ఏటా వస్తుంది, మబ్బు పట్టి జనం నిరాశగా వెనుదిరిగారని కూడా తరచుగా వస్తుంది. మరి ఆ తేదీలే ఎందుకు? మీవాడి చేతికి క్యాలెండర్ ఇచ్చి అడుగు. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే, మార్చి 20 ప్రాంతంలో ఒకసారి, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో ఇంకోసారి. మార్చి 10 మొదటిదానికి పది రోజులు ముందు, అక్టోబరు 2 రెండోదానికి పది రోజులు తర్వాత. అంటే ఆ రెండు రోజుల్లోనూ సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా, దాదాపు ఒకే చోటి నుంచి పైకొస్తాడు. గుడి ద్వారాల వరస ఆ దిక్కుకి కుదిరింది కాబట్టి వెలుగు లోపలి దాకా వస్తుంది. ఆరో తరగతి పిల్లాడికి ఇది మహత్యం కంటే తక్కువేమీ అనిపించదు, అత్తయ్యగారికి మహత్యం తగ్గినట్టూ అనిపించదు, ఇద్దరికీ సరిపోతుంది.

దీనికి డాబా మీద పని కూడా ఉంది. సుద్దముక్కతో ఒకచోట గుర్తు పెట్టి, ప్రతి ఆదివారం పొద్దున్న అక్కడే నిలబడి, సూర్యుడు ఎదురింటి వాటర్ ట్యాంకుకి ఎటుపక్క నుంచి, ఎంత దూరంలో వచ్చాడో నోటుబుక్కులో గీయమను. ఇప్పుడు కార్తీకం కదా, వారం వారం కుడిపక్కకి జరుగుతూ పోతాడు, డిసెంబరు 21 దగ్గరపడేసరికి ఆగినట్టుంటాడు, ఆ తర్వాత వెనక్కి బయల్దేరతాడు. జూన్ చివరికల్లా ఆ చివరికి చేరతాడు. మన వైపు ఆ రెండు చివరలకీ మధ్య దాదాపు 50 డిగ్రీల తేడా ఉంటుంది, అంటే మీ వీధిలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇళ్ళన్నీ దాటేస్తాడన్నమాట. పైసా ఖర్చు లేదు. కాకపోతే సూర్యుడు ఎర్రగా ఉన్నంతసేపే చూడాలి, తెల్లబడ్డాక నేరుగా చూడనివ్వకు. రథసప్తమికి మాత్రం పిల్లల్ని ఆ జనంలోకి లాక్కెళ్ళకు, అది పెద్దవాళ్ళ ఓపికకే పరీక్ష.

అత్తయ్యగారి సంగతికొస్తే, ఆవిణ్ణి అడ్డంకి అనుకోకు, ఆవిడ పేరు చెప్పుకునే శ్రీకూర్మం వెళ్ళొచ్చు. పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు, కొండ ఎక్కే పని లేదు. కూర్మావతారానికి గుడి అంటే ఎక్కడోగానీ లేదు, అందులోనూ స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. "ఈ గుడికి రెండెందుకున్నాయో అడిగి తెలుసుకో" అని పిల్లాణ్ణి పూజారిగారి మీదకి వదులు, వాడికి సిగ్గు పోతుంది, ఆయనకి కాలక్షేపం అవుతుంది. మంటపంలో స్తంభాలున్నాయి కదా, ఏ రెండూ ఒకేలా ఉండవని అక్కడ చెబుతారు. నువ్వు పిల్లలకి "అది అబద్ధమని నిరూపించండి, అచ్చం ఒకేలా ఉన్న రెండు స్తంభాలు చూపిస్తే ఐస్‌క్రీం" అని చెప్పి ఓ మూల కూర్చో. అత్తయ్యగారి ప్రదక్షిణాలు తీరిగ్గా అయిపోతాయి. స్తంభాల మీద పాత తెలుగు శాసనాలు కూడా కనిపిస్తాయి, వందల ఏళ్ళ నాటివి. పాపకి వచ్చిన అక్షరాల్లో ఒక్కటైనా పోలిక పట్టగలదేమో చూడమను. ఫొటోలు తియ్యనిస్తారో లేదో ముందు అడిగి, తియ్యనిస్తే ఒక శాసనాన్ని ఫోనులో గూగుల్ లెన్స్‌తో చదివించు. అది ఏం చదువుతుందో చూసి ఇంటికొచ్చేదాకా నవ్వుకోవచ్చు.

ఇక తాబేళ్ళు. ఆవరణలో పెంచుతున్నవి నక్షత్ర తాబేళ్ళు, నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. పాప ఒక తాబేలుని ఎంచుకుని దాని వీపు మీది గీతల్ని కాగితం మీద దించాలి, అవి కదులుతూ ఉంటాయి కాబట్టి పావుగంట పడుతుంది. "ఒకటి ఇంటికి తీసుకెళ్దాం" అని తప్పకుండా అడుగుతుంది. ఇంట్లో పెంచడం చట్టం ప్రకారం నేరమని చెప్పు. ఆన్‌లైన్‌లో అదృష్టం, వాస్తు అని చెప్పి వీటిని అమ్మేవాళ్ళు తగులుతుంటారు, దొంగ రవాణాలో దేశాలు దాటిపోతున్నాయనే 2019లో వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. మీవారు సేవ్ చేసిన వాటిలో అలాంటి వీడియో ఏదైనా ఉంటే తీసేయమను.

మీవారి రీల్స్ గురించి నాకు కోపం లేదు చెల్లీ. సేవ్ చేసిన రీల్ అటక మీద ఊరగాయ జాడీ లాంటిది, ఉందిలే అన్న ధీమాయే తప్ప ఎవరూ కిందికి దించరు. "ఆ ఫోను పక్కన పెట్టండి" అని గొడవకి దిగితే ఆయన బాత్రూంలో కూర్చుని చూస్తారు, అంతే తేడా. ఆయనకి ఉద్యోగం ఇవ్వు. ప్రతి శనివారం రాత్రి భోజనాల దగ్గర ఆయన తన ఖజానాలోంచి ఒక్క రీల్ తీసి ఇంటిల్లిపాదికీ చూపించాలి. చోటు మీ ఇంటి నుంచి గంటన్నర లోపు ఉండాలి, అది నిజంగా ఉందని ఆయనే రుజువు చెయ్యాలి. మ్యాప్‌లో దొరుకుతోందా, ఈమధ్య వెళ్ళినవాళ్ళు పెట్టిన ఫొటోలున్నాయా, వీడియోలోంచి ఒక బొమ్మ తీసి వెతికితే ఇంకే ఊరి పేరుతో దొరుకుతోంది, ఇవన్నీ చూడాలి. "మన సిక్కోలులో దాగిన స్వర్గం" అని పాటేసి పెట్టిన జలపాతాలు వెతికి చూస్తే కేరళలోనో మేఘాలయలోనో తేలుతుంటాయి, ఈమధ్య ఏఐతో చేసినవైతే ఎక్కడా తేలవు. బాబుకి ఈ దొంగల్ని పట్టుకునే ఆట ఆదివారం ప్రయాణం కంటే నచ్చినా నేను ఆశ్చర్యపోను. రుజువైతే వెళ్తారు, కాకపోతే రీల్ డిలీట్.

ఈ పరీక్షలో ఆయనకి మొదట ఇవ్వాల్సిన ప్రశ్న తేలినీలాపురం. టెక్కలి దాటాక, నౌపడ దగ్గర. "సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చే అతిథి పక్షులు" అని పేపర్లూ రీల్సూ పోటీలు పడి చెబుతుంటాయి. నిజమేనా అని తేల్చమను, తెల్లబోతారు. అక్కడ గూళ్ళు పెట్టేవి ముఖ్యంగా రెండు, పెలికాన్ అనే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ అనే రంగు కొంగలు. ఆ గూడబాతు జాతి గుడ్లు పెట్టి పిల్లల్ని చేసేదే మన దేశం, శ్రీలంక, కంబోడియా లాంటి చోట్ల. సైబీరియాతో వాటికి చుట్టరికమే లేదు. మన చుట్టుపక్కల చెరువులూ చిత్తడి నేలలూ తిరిగి, తిండి బాగా దొరికే కాలం చూసుకుని కాన్పుకి ఇక్కడికొస్తాయి, ఆడపిల్ల పుట్టింటికొచ్చినట్టే అని ఆ ఊరివాళ్ళు ఊరికే అనరు. ఎవరినీ రాళ్ళు వెయ్యనివ్వకుండా, కొమ్మలు కొట్టనివ్వకుండా వాళ్ళు తరాలుగా కాపాడుకుంటున్న పక్షులు అవి. పరాయి దేశం నుంచి వచ్చాయంటేనే గొప్ప అనుకోవడం ఏం జబ్బో నాకు అర్థం కాదు.

వెళ్ళడానికి ఇదే అదను, సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి వేసవి మొదలయ్యేదాకా ఉంటాయి. గూళ్ళు ఊళ్ళో చింతచెట్ల మీదే ఉంటాయి కాబట్టి బైనాక్యులర్ లేకపోయినా నడుస్తుంది. గూడబాతు రెక్కలు చాపితే రెండు మీటర్ల పైనే, అంత పక్షి ఒక చిన్న కొమ్మ మీద తూలుతూ దిగడం చూస్తే మీ పిల్లలు ఏ కార్టూనూ అడగరు. వాళ్ళ పని ఏమిటంటే, పిల్ల గూడబాతు తల్లి ముక్కు కింది సంచిలోకి తల దూర్చి తినడం ఎవరు ముందు చూస్తే వాళ్ళు గెలిచినట్టు. పొద్దున్నే వెళ్ళాలి, చెట్ల కింద నిలబడకూడదు (ఎందుకో అక్కడికెళ్ళాక వాసనే చెబుతుంది), టోపీలు పెట్టుకోవాలి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో కూడా పక్షులున్నాయి కానీ అవి నత్తగుల్ల కొంగలు, తొలకరికి వస్తాయి, వాటి ముక్కు రెండు దవడలూ మధ్యలో కలవవు, ఆ సందు నత్తల్ని పట్టుకోడానికి పనికొస్తుంది. అది వచ్చే వానాకాలానికి దాచుకో.

పక్షులు పాపకి పట్టాయనుకో, మెర్లిన్ అని ఒక యాప్ ఉంది, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ళది, ఉచితం. ఫోను బయట పెడితే చుట్టూ కూస్తున్న పిట్టల్ని విని పేర్లు చెబుతుంది. పెరట్లో పొద్దున్న అరుస్తున్నది గోరింకా బుల్బులా అని దాంతో తేల్చుకోవచ్చు, అప్పుడప్పుడు తప్పు కూడా చెబుతుంది, పాప దాన్ని సరిదిద్దే రోజు వస్తే మరీ మంచిది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా పెరటి పక్షుల్ని లెక్కపెడతారు, కనీసం పావుగంట కూర్చుని కనబడినవి రాసి పంపితే చాలు. శ్రీకాకుళం డాబా మీద కాకుల లెక్క కూడా అందులో చేరుతుంది.

కళింగపట్నం అయిపోయిందన్నావు కదా, గూగుల్ ఎర్త్‌లో టైమ్‌ల్యాప్స్ అని ఉంటుంది. 1984 నుంచి ఉపగ్రహాలు తీసిన బొమ్మల్ని వరసగా సినిమాలా తిప్పుతుంది. శనివారం రాత్రి దాంట్లో వంశధార సముద్రంలో కలిసే చోటు పెట్టండి, ఆ తర్వాత కళ్ళేపల్లి దగ్గర నాగావళి కలిసే చోటు కూడా. ఇసుక మేటలు ఎలా జరుగుతాయో, నది మూతి ఎలా మారుతుందో చూసి, ఒక పాత సంవత్సరం బొమ్మని కాగితం మీద గీసుకుని, పొద్దున్నే వెళ్ళి లైట్‌హౌస్ వైపు నిలబడి ఇప్పుడెలా ఉందో పోల్చుకోండి. అదే బీచ్, అదే ఇసుక, కానీ మీవాడు అక్కడ రెండు గంటలు తిరుగుతాడు. నది కలిసే చోట నీళ్ళలోకి మాత్రం ఎవరూ దిగొద్దు, మోకాలి లోతు కూడా వద్దు, పైకి నిమ్మళంగా కనిపిస్తుంది గానీ లోపలి లాగుడు ఈత వచ్చినవాళ్ళని కూడా వదలదు. దీని మీద బేరం లేదు.

ఇక ఉత్తరం చివర్లో, పోయిన గొడుగు గురించి చెప్పినంత తేలిగ్గా "బొమ్మలు వేసేదాన్ని, అదీ పోయింది" అని రాశావే, ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆదివారాల్లో పిల్లలకి ఏం కావాలి, ఆయనకి ఏం కావాలి, అత్తయ్యగారికి ఏం కావాలి అని మూడొంతులు రాసి, నీది ఒక్క లైను. పైన చెప్పిన ప్రతి చోటా మిగతావాళ్ళకి పని ఇచ్చింది సగం వాళ్ళ కోసమే, మిగతా సగం నీకు ఓ అరగంట మిగలాలని. ఆ అరగంటలో బొమ్మ వెయ్యి. డ్రాయింగ్ క్లాసులో చేరతాను, రంగుల సెట్ కొంటాను, ముందు యూట్యూబ్‌లో నేర్చుకుంటాను అని మొదలుపెట్టకు, అవన్నీ వెయ్యకుండా ఉండడానికి దారులు. బాబు దగ్గర్నుంచి ఒక రూళ్ళు లేని నోటుబుక్కు, ఒక 2బి పెన్సిలు, చాలు.

మొదటి బొమ్మకి శాలిహుండం వెళ్ళు. కళింగపట్నం దారిలోనే, వంశధార ఒడ్డున కొండ. పైన బౌద్ధ స్తూపాలు, చైత్యాల పునాదులు, అన్నీ ఇటుక గుండ్రాలు, దిగువన నది. ఆ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే, వాడుక భాష కోసం పోరాడినాయన. బొమ్మ వేసేవాళ్ళకి అంత సుఖమైన చోటు ఇంకోటి ఉండదు, ఎందుకంటే కదిలేవి లేవు, ముఖాలు లేవు, వంకరొస్తే పాతబడి వంగిందనుకుంటారు. పిల్లల్ని "బండి చక్రంలా ఆకులున్న స్తూపం ఏదో కనిపెట్టండి" అని వదిలెయ్. అత్తయ్యగారికి మాత్రం ఆ ఎక్కుడు వద్దు, ఆ రోజు ఆవిణ్ణి ఇంటి దగ్గర ఉంచండి. రేడియో గార్డెన్ అని ఒక సైటు పెట్టివ్వు, భూగోళాన్ని వేలితో తిప్పి చుక్క మీద ఆపితే ఆ ఊరి రేడియో అప్పటికప్పుడు వినిపిస్తుంది. ఎక్కడో బ్రెజిల్‌లో వార్తలు వింటూ చిక్కుడుకాయలు ఈనెలు తీయడం ఆవిడకి నచ్చుతుందని నా పందెం.

ఊళ్ళో కూర్చుని చూసింది చూసినట్టు గీసుకునే గుంపు ఒకటి ప్రపంచమంతా ఉంది, అర్బన్ స్కెచర్స్ అంటారు. 2007లో అమెరికాలో సియాటిల్‌లో గాబ్రియేల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాడు. వాళ్ళ ముఖ్యమైన నియమం, ఫొటో చూసి కాదు, ఆ చోటనే ఉండి గీయాలి. టీ కొట్లు, బస్టాండ్లు, తడి బట్టలు ఆరేసిన డాబాలు, ఏదైనా సరే. వాళ్ళ బొమ్మలు నాలుగు చూస్తే "నా గీత బాగాలేదు" అన్న భయం సగం తగ్గుతుంది, సరిగ్గా రాని గీతలు ఎన్నో ఉంటాయి అందులో, అయినా ఆ చోటు కళ్ళకి కడుతుంది. ఈసారి పుట్టింటికెళ్ళినప్పుడు విజయనగరంలో గంటస్తంభం పొద్దున్న జనం రాకముందు వెయ్యి, ఇంకోసారి గురజాడవారి ఇల్లు, మరోసారి 1919లో పెట్టిన సంగీత కళాశాల, లోపల సాధన వినిపిస్తుంటే మరీ మంచిది. కొన్నాళ్ళ దాకా ఎవరికీ చూపించకు, స్టేటస్‌లో పెట్టకు. లైకులు లెక్కపెట్టడం మొదలైతే మళ్ళీ పెన్సిలు పక్కకి పోతుంది.

పొందూరు కూడా అనుకున్నాను గానీ అది పిల్లలతో ఆదివారం పని కాదు, నీకూ అత్తయ్యగారికీ ఒక మామూలు రోజు మధ్యాహ్నం. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వుతారని విని ఉంటావు, అది దగ్గరుండి చూస్తే ఆ ఖద్దరుకి ఆ ధర ఎందుకో ఇక అడగవు. వడికే వాళ్ళు ఆడవాళ్ళే ఎక్కువ, అడిగితే బాగా మాట్లాడతారు, కాకపోతే వాళ్ళకది పని వేళ, ప్రదర్శన కాదు, కాసేపు కూర్చుని, కొనగలిగితే ఒక తువ్వాలైనా కొని రండి.

ఇప్పుడు కార్తీకం కాబట్టి రెండు జాగ్రత్తలు. తోటలన్నీ వనభోజనాల బ్యాచ్‌లతో, సౌండ్ బాక్సులతో నిండిపోతాయి, శ్రీముఖలింగం సోమవారాల్లో కాలు పెట్టనివ్వదు, అంచేత శిల్పాలు చూడాలనుంటే కార్తీకం పోయాక ఒక మామూలు రోజు పెట్టుకో. రెండోది, ఎక్కడికెళ్ళినా మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేలా వెళ్ళు. ఆరింటికి బయల్దేరడం, పులిహోరో ఉప్మానో డబ్బాలో పెట్టుకోవడం, పన్నెండుకి ఇల్లు. సాయంత్రం ఖాళీగా మిగలాలి, హోంవర్కులుంటాయి, బట్టలుంటాయి, నిద్రుంటుంది. ఔటింగ్ అంటే రాత్రి దాకా తిరగాలని ఎవరూ రూలు పెట్టలేదు. నెలలో ఒక ఆదివారం ఏ పనీ పెట్టుకోకు, ఆ రోజు ఎవరి ఫోను వాళ్ళు చూసుకున్నా నోరెత్తకు. వైజాగ్‌కి కూడా రెండు మూడు నెలలకోసారి వెళ్ళండి, మాల్‌కి శాపం పెట్టాల్సిన అవసరం లేదు.

వానొచ్చి ఎటూ కదలలేని ఆదివారానికి ఇంట్లోనే సరదాలున్నాయి. డాబా మీద కనిపించిన విమానం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో ఫ్లైట్‌రాడార్‌లో చూడొచ్చు. ఇగ్ నోబెల్ బహుమతులని ఉంటాయి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇస్తారు. 2017లో ఒకాయనకి వచ్చిన బహుమతి దేనికో తెలుసా, పిల్లి ఘనపదార్థమా, ద్రవపదార్థమా అన్న ప్రశ్నకి. గిన్నెలో పెడితే గిన్నె ఆకారం, జాడీలో పెడితే జాడీ ఆకారం కదా మరి. మీవాడు సైన్సు టీచర్ని అడిగి తిట్లు తింటే నా పేరు చెప్పొద్దు.

ఇంకొక్కటి, నాకు చాలా ఇష్టమైనది, దూరమైనది కాబట్టి చివరికి ఉంచాను. ఒడిశాలోని గునుపురం వెళ్ళే రైలు. 1900లో పర్లాకిమిడి మహారాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి వేయించిన బుల్లి రైలు దారి అది, పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే, తర్వాత గునుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి, పెద్ద పట్టాలు వేసి 2011లో మళ్ళీ తెరిచారు. ఆమదాలవలసలో ప్యాసింజరెక్కితే కిటికీ పక్కన ఒక పూట గడిచిపోతుంది, ఉప్పు మడులు, పొలాలు, అటు కొండలు, దారిలో రాష్ట్రం దాటేస్తాం. పిల్లల పని: స్టేషను బోర్డు మీద తెలుగు ఎక్కడ ఆగుతుంది, ఒడియా ఎక్కడ మొదలవుతుంది, లేదా రెండూ కలిసి ఎక్కడున్నాయి అని రాసుకోవడం. నీ పని ఎదురు సీటులో నిద్రపోయే మనిషి బొమ్మ వేయడం, నిద్రపోయేవాళ్ళు కదలరు. టికెట్టు మాల్‌లో ఐస్‌క్రీం కంటే చవక.

ఈ ఆదివారానికి శ్రీకూర్మంతో మొదలుపెట్టు, అత్తయ్యగారు సంతోషిస్తారు, మీవారికి మరో వారం గడువు దొరుకుతుంది. వచ్చే వారం ఆయన తేలినీలాపురం సంగతి తేల్చాలి. రైలు ప్రయాణం సంక్రాంతి సెలవులకి పెట్టుకోండి, అయితే వెళ్ళే బండి టైమే కాదు, తిరుగు బండి టైము కూడా ముందురోజే చూసుకోవాలి, ఆ బాధ్యత మాత్రం రీల్స్ చూసేవాళ్ళకి అప్పజెప్పకు. లేదంటే ఆ రాత్రికి మీ నలుగురూ పర్లాకిమిడిలో లాడ్జి వెతుక్కోవాలి.